పుట్టిన ఊరు, రాసిన చోటు, అచ్చేసిన బజారు

ఆముక్తమాల్యద ఏ ఊరి కావ్యం? కథ జరిగేది తమిళనాట, శ్రీవిల్లిపుత్తూరులో. రాసిన రాజు శ్రీకృష్ణదేవరాయలు కొలువున్నది హంపీలో. కావ్యం ఎక్కడ మొదలైందో మాత్రం రాయలే అవతారికలో, అంటే కావ్యం తొలిభాగంలో, చెప్పుకున్నాడు. కళింగం మీదికి దండెత్తి పోతూ విజయవాడలో కొన్నాళ్ళు ఆగాడు. అక్కణ్ణుంచి శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్రవిష్ణువును సేవించి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి దేవుడు కలలో కనపడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్న మాట ఆ కలలోదే. ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం కాదు, కృష్ణానది ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న పల్లె. సాహిత్య వ్యాసాల్లో సైతం ఈ రెండు ఊళ్ళూ కలగాపులగం అవుతుంటాయి.

ఒక్క పుస్తకానికి మూడు చోట్లు. రచయితల జీవితాలు రాసేటప్పుడు మనం వాటన్నిటినీ ఒకే ఊళ్ళో కుక్కేస్తాం. ‘ఫలానా పల్లెలో పుట్టారు, అక్కడి పైరగాలి ఆయన కలానికి ప్రాణం పోసింది’ అని ఒక వాక్యం రాసి ముందుకు పోతాం. ఆ గాలి పీల్చి ఒక్క వాక్యమూ రాయనివాళ్ళు ఊరినిండా ఉన్నారు గనక, ఆ మాటతో ఏదీ తేలదు. ఊరు రచయిత మీద పనిచేసే దారులు వేరువేరు. కథకు సరుకు ఇవ్వడం ఒకటి. కూర్చుని రాసుకోనిచ్చే చోటు కావడం ఇంకొకటి. రాసినదాన్ని అచ్చేసి, రేడియోలో గాలిలోకి వదిలి, చదివేవాళ్ళకు చేర్చడం మరొకటి. లోపలికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే ఆపేయడం కూడా ఊరు చేసే పనే. అందులోంచి వచ్చిన సాహిత్యం తక్కువేమీ కాదు. ఇవన్నీ ఒకే ఊళ్ళో కలిసిరావడం అరుదు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న బెజవాడ, గుంటూరు సీమల్లో ఈ దారులన్నిటికీ ఉదాహరణలున్నాయి కాబట్టి, ఇక్కడి లెక్కే చూద్దాం.

చూసిన ఊరు, పంట పోయిన ఊరు

శ్రీనాథుడివిగా చెప్పుకునే చాటువులు, అంటే సందర్భానికి చెప్పిన విడిపద్యాలు, రెండింటిని పక్కపక్కన పెట్టి చదివితే అసలు విషయం తేటపడుతుంది. మొదటిది పల్నాడు మీద చెప్పినది: చిన్న చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు, నాగులేటి నీళ్ళు, నాపరాళ్ళు, సజ్జ జొన్న కూళ్ళు, సర్పాలు, తేళ్ళు. పద్యమంతా వస్తువుల పేర్లే, క్రియ ఒక్కటి లేదు. పేర్లు మాత్రం పక్కా. పల్నాటి నేల కింద ఉన్నది సున్నపురాయి. నాపరాళ్ళు ఆ నేలలోవే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకూ, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకూ కారణం అదే రాయి. నాగులేరు కారెంపూడి పక్కనుంచి ఇవాళ్టికీ పారుతోంది. వీరులను దేవుళ్ళుగా కొలిచే గుడి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. దారిన పోతూ చూసినవాడు ఇంత కచ్చితంగా చూడటం గొప్పే. అయినా అది చూపు మాత్రమే.

రెండోది బొడ్డుపల్లె మీద చెప్పినది. కృష్ణ ఒడ్డున పొలం గుత్తకు తీసుకుంటే, కృష్ణవేణమ్మ పంట కొనిపోయింది. మిగిలిన తిలలు (నువ్వులు), పెసలు పిట్టలు తినిపోయాయి. బొడ్డుపల్లెలో మోసపోయాను, ఏడునూర్ల టంకాలు ఎట్లా చెల్లించేది? ఈ పద్యం క్రియల మీదే నడుస్తుంది: కొనిపోయె, తినిపోయె, మోసపోతి, ఎట్లు చెల్లింతు. నదికి ఇక్కడ వర్ణన లేదు. పంట ఎత్తుకుపోయింది, అంతే. రైతు నోట వచ్చే పద్దు అట్టాగే ఉంటుంది: ఏ పైరు దేనివల్ల పోయింది, కట్టాల్సింది ఎంత.

ఊరు సరుకు ఇవ్వడం అంటే ఇదీ. చూడటానికి వెళ్ళిన ఊరు పేర్లు ఇస్తుంది. అప్పో, పొలమో, పిల్లనిచ్చిన ఇల్లో, ఏదో ఒకటి పణంగా ఉన్న ఊరు క్రియలు ఇస్తుంది. కథ నడవాలంటే రెండోది కావాలి. ఇవాళ పత్రికలకు వచ్చే ‘ఊరి కథ’ల్లో చాలావాటికి ఉన్న జబ్బు మొదటి పద్యంతోనే ఆగిపోవడం. రావిచెట్టు, రచ్చబండ, గుడిగంట, కాలవగట్టు అని పేర్లు వరసగా వస్తాయి. ఎవరికీ ఏదీ పోదు, ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ ఉండరు.

పల్నాటి పద్యం ఇంకో సంగతి కూడా నేర్పుతుంది. ఆ జొన్నకూటికి కాలం ఉంది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ కిందికి వచ్చిన పల్నాటి ఊళ్ళలో వరి పండింది, కంచంలోకి వరన్నం వచ్చింది. 1960లో నరసరావుపేట అవతలి పల్లెలో జరిగే కథలో రోజూ వరన్నం వడ్డిస్తే తప్పు. 1980లో కాలవ కింద ఊళ్ళో మూడుపూటలా జొన్నకూడే పెట్టినా తప్పే. ‘పల్నాడు అంటే జొన్నలు’ అన్న పాత పద్యం పట్టుకుని ఏ దశాబ్దానికైనా అదే వండేస్తే, చాటువును నమ్మినట్టేగానీ ఊరిని చూసినట్టు కాదు.

ఒక్క ఊరు, వంద కథలు

సత్యం శంకరమంచి 1937లో అమరావతిలో పుట్టారు. ఉద్యోగం విజయవాడ ఆకాశవాణిలో. ‘అమరావతి కథలు’ ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. మొత్తం వంద కథలు. 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అమరావతి కథలు ఎందుకట్టా వచ్చాయని అడిగితే, ఆ ఊరి చరిత్ర గొప్పది కాబట్టి అనే జవాబు రెడీగా ఉంటుంది. స్తూపం ఉన్న దీపాలదిన్నె, పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయం, వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి రాజధాని, అన్నీ నిజమే. అయితే ఆ చరిత్ర తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు, వంద కథలు రాసింది ఒక్కరే. కారణాన్ని చరిత్రలో కాకుండా కొలతలో వెతకాలి.

వారపత్రికలో ఆ శీర్షికకు దొరికేది రెండు మూడు పేజీలు. ఆ జాగాలో ఉపకథలు పట్టవు. ఒక మనిషి, ఒక సంఘటన, ఒక మలుపు, అంతే. పైగా వారం తిరిగేసరికి ఇంకో కథ ఇవ్వాలి. ఈ రెండు కట్టుబాట్లూ అమరావతి పెట్టినవి కావు, పత్రిక అచ్చయ్యే బెజవాడ పెట్టినవి. చిన్న ఊరు ఈ కొలతకు సరిగ్గా సరిపోయింది. ఊరు ఒకటే కాబట్టి నది ఎటుందో, గుడి ఎక్కడుందో ప్రతి కథలోనూ మళ్ళీ చెప్పక్కర్లేదు. మొదటి పది కథలకే ఊరి పటం పాఠకుడి బుర్రలో స్థిరపడిపోతుంది. పదకొండో కథ నేరుగా మనిషి దగ్గరికి వెళ్ళిపోవచ్చు. సంపుటిలో మొదటి కథ ‘వరద’ కావడం కూడా గమనించాల్సిందే. మామూలు రోజుల్లో ఊళ్ళో ఎవరి వీధి వాళ్ళది, ఎవరి రేవు వాళ్ళది. వరద వచ్చినప్పుడు ఆ గీతలు నీళ్ళ కిందికి పోతాయి, ఆకలి అందరినీ ఒకచోటికి చేరుస్తుంది. నది కథను ముందుకు తోయడం అంటే ఇదే. సూర్యాస్తమయాన ఎర్రగా మెరవడం కాదు.

దూరం ఎందుకు పనికొస్తుంది

ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టింది గుంటూరు సీమలోని వేములూరుపాడులో. పల్నాటి పుల్లరి (అడవిలో పశువుల మేతపై పన్ను) ఉద్యమంలో అరెస్టయి జైలుకు వెళ్ళారు. ‘మాలపల్లి’ నవల రాసింది తమిళనాటి రాయవెల్లూరు జైల్లో. 1922లో అచ్చయింది, తర్వాత మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నవల్లోని ఊరు మంగళాపురం. గుంటూరు పల్లెల జీవితం, కూలీల కష్టం, జనం నోట్లో నలిగే పలుకుబడి, అన్నీ వందల మైళ్ళ అవతల నాలుగు గోడల మధ్య కూర్చుని రాసినవి.

దూరం రచయితకు రెండు రకాలుగా సాయపడుతుంది. ఒకటి, జ్ఞాపకం తనంతట తాను సరుకును జల్లిస్తుంది. ఊళ్ళోనే కూర్చుంటే కళ్ళముందు కదిలేదంతా ముఖ్యంగానే తోస్తుంది. దూరంగా ఉన్నప్పుడు గుర్తుండిపోయిందే మిగులుతుంది, మిగిలినదానికి బలం ఉంటుంది. రెండోది మొహమాటానికి సంబంధించినది. పక్కింటివాళ్ళు రేపు పొద్దున్నే ఎదురవుతారన్న ఆలోచన చేతిని ఎంత పట్టేస్తుందో, సొంత ఊరి గురించి రాసినవాళ్ళకు తెలుసు.

చేబ్రోలులో పుట్టి హైదరాబాదులో ఉద్యోగం చేసిన వాసిరెడ్డి సీతాదేవి, ‘మట్టిమనిషి’లో మూడు తరాల రైతు కుటుంబం కథ చెప్పారు. అందులో పల్లెకూ పట్నానికీ మధ్య దూరమే కథను నడుపుతుంది. తాతతండ్రులు చెమటోడ్చి కూడబెట్టిన పొలం పట్నపు మోజులో కరిగిపోయే తీరు ఆమె పట్టుకున్నారు. రెండు చోట్లా బతికి రాసినందువల్ల ఏ వైపూ పూర్తిగా కొమ్ముకాయలేదు. మట్టిని ప్రేమించేవాడి మొండితనాన్ని కూడా చూపించారు.

క్షేత్రయ్యది ఇంకో పద్ధతి. మధుర, తంజావూరు, గోల్కొండ, ఇట్లా ఏ కొలువుకు వెళ్ళినా పదం చివర మువ్వగోపాలుడే. మువ్వ కూచిపూడికి పక్క ఊరే, కృష్ణా డెల్టాలో చిన్న గ్రామం. ఆ పదాల్లో మువ్వ వీధులు కనపడవు, పంటలు కనపడవు. ఊరు ముద్రగా మాత్రమే ఉంటుంది. అయినా ఆ ముద్ర చేసే పని చిన్నది కాదు: రాజు మారినా, ఊరు మారినా, పదంలోని నాయిక తలచేది ఒకే దేవుణ్ణి. పరాయి కొలువులో పాడుతున్నవాడికి చెప్పుకోవడానికి ఒక చిరునామా ఉంది.

దూరం ఎక్కువైతే నష్టం కూడా ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఊరు చూడనివాళ్ళు రాసే కథల్లో ఊరు ఆగిపోయిన గడియారం. పొలంలో ఎడ్లే ఉంటాయి, వరికోత మిషను ఉండదు. లంక భూముల్లో పసుపూ అరటీ వేసే కౌలు రైతు ఉండడు, ఆసామీ మాత్రమే ఉంటాడు. దీనికి మందు సులువు: రాయడం దూరంగా కూర్చుని, సరిచూసుకోవడం ఊరికి వెళ్ళి. రెండూ ఒకేచోట చేయబోతే రెండూ చెడతాయి.

గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్ళు

అర్థవంతమైన చోటు అనగానే మనసుకు హాయినిచ్చే చోటు అని అనుకుంటాం. వినుకొండ ప్రాంతంలో 1895లో పుట్టి, గుంటూరులో ఏళ్ళ తరబడి బడిపంతులుగా పనిచేసిన గుర్రం జాషువా ‘గబ్బిలం’ ఈ ఊహను తలకిందులు చేస్తుంది. అందులో అంటరానివాడుగా వెలివేసిన మనిషి, తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని ఒక గబ్బిలాన్ని పంపిస్తాడు. కాళిదాసు మేఘసందేశం పద్ధతినే తీసుకున్నాడు. దూతగా మేఘం బదులు గబ్బిలం ఎందుకు? గుడిలో దానికి అడ్డు లేదు. శివుడి చెవిదాకా వెళ్ళగలిగినది అదొక్కటే. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. కావ్యనిర్మాణం మొత్తం ఈ ఒక్క భౌతికమైన సంగతి మీద నిలబడింది: ఆ గుడి తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి తెరుచుకోదు.

అంటే గుడి లోపల ఏముందో వర్ణించగలవాడికన్నా, ఆ గుడి బయట నిలబడాల్సినవాడికి చోటు మరింత తీక్షణంగా తెలిసింది. ఒక ఊరి మీద రాసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడ దొరుకుతుంది. ఈ చోటికి ఎవరు రాలేరు? ఏ వేళకు రాలేరు? పుష్కరఘాట్ మెట్ల మీద రాత్రి పదింటికి ఒక్కతే కూర్చుని రాసుకునే వీలు ఏ అమ్మాయికి ఉంది? పాతరోజుల్లో ఆ బావి నీళ్ళు ఎవరు తోడుకున్నారు, ఎవరికి పైనుంచి పోశారు? ‘మా ఊళ్ళో అందరూ ఒక కుటుంబంలా ఉండేవాళ్ళం’ అని మొదలయ్యే జ్ఞాపకాలు సాధారణంగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పుకుంటాయి. ఆ తప్పుకోవడంలోనే వాటి బలం కూడా పోతుంది.

బెజవాడ రచయితలకు ఏమిచ్చింది

బెజవాడ ఎండలు, కనకదుర్గమ్మ కొండ, కృష్ణమ్మ, ఇవన్నీ ఉన్నా, ఈ ఊరు సాహిత్యానికి చేసిన అసలు మేలు ఇంకోటి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరిచారు. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు వైపు లైన్లు ఇక్కడ కలిశాయి. రాత్రి అచ్చేసిన కాగితం తెల్లారేసరికి కోస్తా జిల్లాల్లో ఉండాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. విశాలాంధ్ర ప్రచురణాలయం 1953లో వచ్చింది. ఆంధ్రప్రభ మద్రాసు నుంచి 1959లో ఇక్కడికి మారింది, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడే పుట్టింది. రాజధాని కర్నూలుకూ అక్కణ్ణుంచి హైదరాబాదుకూ పోయినా, అచ్చు పని, పుస్తకాల వ్యాపారం ఏలూరు రోడ్డునే నమ్ముకుని ఉండిపోయాయి. 1989 నుంచి జరుగుతున్న పుస్తక మహోత్సవం ఆ అలవాటుకు కొనసాగింపే.

వీటన్నిటికన్నా ముందు పాఠకుల్ని తయారుచేసిన పని ఉంది. 1911లో మొదలైన రామమోహన గ్రంథాలయం వేదికగా 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ బెజవాడలోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ఊపిరి. ఊరూరా పఠనాలయాలు ఉన్నాయి గనకే పత్రికలకూ పుస్తకాలకూ చదివేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

ఈ వ్యవస్థలు రాతకు ఆకారం కూడా ఇస్తాయి, దీన్ని మనం తక్కువగా పట్టించుకుంటాం. రేడియో నాటికకు కళ్ళు లేవు. పాత్ర తలుపు తీసిందని శబ్దంతోనో మాటతోనో తెలియాలి. ఒక సీన్‌లో నాలుగు గొంతులు మించితే వినేవాడు తికమకపడతాడు. అందుకే రేడియోకు రాసి చేయితిరిగినవాళ్ళ కథల్లో సంభాషణ పొదుపుగా, ఎవరి మాట వాళ్ళదిగా వినపడుతుంది. సీరియల్ నవలకు వారంవారం ఒక ఉత్కంఠ కావాలి. దినపత్రిక ఆదివారం కథకు పేజీలో ప్రకటనలు పోగా మిగిలిన జాగా కావాలి. కాలేజీలు జీతం ఇచ్చాయి: విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడి ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు. ఆయన ‘వేయిపడగలు’లోని సుబ్బన్నపేటకు పుట్టిన ఊరు నందమూరు మూలమని సాహిత్యకారులు చెబుతారు. సరుకు నందమూరుది, కూడు బెజవాడది.

చలం మాత్రం ఎదురుదారి పట్టారు. బెజవాడలో చాలాకాలం ఉండి 1950లో ఊరు విడిచి తిరువణ్ణామలై వెళ్ళిపోయారు. రమణాశ్రమం పక్కన, 1979లో చనిపోయేదాకా అక్కడే. అక్కడికి వెళ్ళాక ఆయన రాత స్వభావమే మారింది. ‘మైదానం’ నాటి తిరుగుబాటు వెనక్కి వెళ్ళి అన్వేషణ ముందుకొచ్చింది. చోటు మార్చింది కాబట్టి మారాడా, మారాడు కాబట్టి చోటు మార్చాడా? రెండోదే సరైనదని నాకు గట్టిగా అనిపిస్తుంది. మనిషి లోపల ఒకవైపుకు వాలాకే దానికి తగ్గ ఊరు వెతుక్కుంటాడు. ఆ తర్వాత ఊరు ఆ వాలును స్థిరపరుస్తుంది.

ఊరి మీద పని చేయడం ఎట్లా

ఇవాళ ఈ ప్రాంతం మీద రాయాలనుకునేవాళ్ళకు కొన్ని పద్ధతులు చెప్పవచ్చు. మొదటిది, పరిధి తగ్గించుకోవడం. ‘విజయవాడ’ను పట్టుకోలేం. బందరు కాలవ గట్టున రెండు వందల మీటర్లు పట్టుకోగలం. ఆ ముక్కను తెల్లవారుజామున ఐదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి చూడాలి. ఒకసారి రోహిణి కార్తెలో, ఇంకోసారి వానల తర్వాత. ఇట్లా రెండు విడతలు ఎందుకంటే, కాలవకు నీళ్ళు కట్టేసిన వేసవిలో అడుగున ఉన్న చెత్త, పగిలిన బొమ్మలు, మురుగు వాసన బయటపడతాయి. నీళ్ళొదిలాక అదే కాలవ ఫొటోలు దిగే చోటు. ఒక్క రుతువులో చూసి రాస్తే సగం అబద్ధం.

నోటు పుస్తకంలో మొదటి రోజు రాసుకున్న పేర్లు చాలావరకు కొట్టేయాల్సినవే. అవి అందరికీ తోచేవి. ఎవరు ఎవరితో ఏం చేస్తున్నారు, డబ్బు ఎటునుంచి ఎటు పోతోంది, ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారు, ఇవి రాసుకోవాలి. తర్వాత మూడు వారాలు ఆ పుస్తకం ముట్టుకోకుండా, జ్ఞాపకం మీద రెండు పేజీలు రాసి, అప్పుడు పోల్చి చూడాలి. జ్ఞాపకంలో నిలిచినవి కథకు వెన్నెముక. పుస్తకంలో ఉండి జ్ఞాపకంలో లేనివి పొరపాట్లు దిద్దుకోవడానికి.

పని తెలియని చోట చోటు తెలియదు. గుంటూరు అనగానే మిర్చి ఘాటు, తుమ్ములు అని రాసేస్తాం. కల్లంలో జరిగేది వేరే. కోసిన కాయ ఎండలో పరిచి రోజుల తరబడి తిరగేయాలి. చలికాలపు మంచుకు తడవకుండా సాయంత్రానికి కుప్పచేసి పట్టాలు కప్పాలి. సరిగా ఆరని కాయ బస్తాలో బూజు పడుతుంది. ఆరినదాన్ని గుప్పిట పట్టి ఆడిస్తే గింజ గలగలమంటుంది. రంగు తేలిపోయిన తాలుకాయను ఆడకూలీలు కూర్చుని ఏరుతారు. తర్వాత టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) తొక్కి మార్కెట్ యార్డుకు తోలతారు. ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడాలి, దానికి అద్దె. ఇందులో ఎక్కడ చేయిపెట్టినా కథ దొరుకుతుంది: రాత్రి అకాల వాన, తాలు ఎక్కువొచ్చిందని కోసిన ధర, అద్దె పెరుగుతుంటే అమ్మాలా ఆగాలా అని ఇంట్లో మాటామాటా. ఘాటు గురించి ఒక్క ముక్క రాయకపోయినా అది గుంటూరు కథే అవుతుంది.

నీళ్ళ విషయంలో పొరపాట్లు ఎక్కువ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి, అది రికార్డు. అజిత్‌సింగ్‌నగర్ మునిగింది మాత్రం కృష్ణ వల్ల కాదు. మైలవరం కొండల నుంచి వచ్చి కొల్లేరులో కలిసే బుడమేరు గట్లు తెగి మునిగింది. ఆ వరద మీద రాసిన కవితల్లో సింగ్‌నగర్ ఇళ్ళలోకి కృష్ణమ్మను పంపితే, అక్కడ రోజుల తరబడి మేడల మీద గడిపినవాళ్ళకు అది వాళ్ళ ఊరు కాదని వెంటనే తెలుస్తుంది. ఏ నీరు ఎటునుంచి వచ్చిందన్నదే అక్కడి జనం కోపానికీ, ప్రశ్నలకూ మూలం. అది తప్పితే భావం కూడా తప్పుతుంది.

కాలం తప్పడం ఇంకో జబ్బు. ఇప్పుడున్న బ్యారేజీ 1957లో పూర్తయింది. 1855 నాటి పాత ఆనకట్ట అంతకుముందుది. 1940ల కథలో నాయకుడు బ్యారేజీ మీద నడిచి సీతానగరం వెళ్ళకూడదు. జిల్లాల పేర్లు కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో, వినుకొండ, అమరావతి పల్నాడు జిల్లాలో, వేటపాలెం బాపట్ల జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు కాలపు కథలో పాత్ర నోట కొత్త జిల్లా పేరు వస్తే చెవికి తగులుతుంది.

యాసను అతిగా వాడితే పాత్ర బొమ్మ అయిపోతుంది. ‘అయిద్ది’, ‘పోయిద్ది’, ‘అట్టాగే’ లాంటివి గుంటూరు నోటికి సహజం. అయితే ప్రతి మాటనూ వంకర తిప్పి రాస్తే చదువరి అర్థం కోసమే తడుముకుంటాడు. క్రియల చివర్లలో యాస ఉంచి, మిగతాది మామూలుగా రాస్తే గొంతు వినపడుతుంది, వేగం తగ్గదు. తెనాలి డెల్టా మాటకూ మాచర్ల మెట్ట మాటకూ తేడా ఉంది కాబట్టి, రాసినది ఆ ఊరి మనిషి చేత పైకి చదివించడం మంచిది. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ దిద్దాలి.

పాత కాలం మీద రాసేవాళ్ళకు ఆధారాలు దగ్గరలోనే ఉన్నాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరున్న చోటు. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. పత్రిక తిరగేసేటప్పుడు వార్తలకన్నా ప్రకటనలు, ధరల పట్టీలు, రైలు వేళలు ఎక్కువ పనికొస్తాయి. పాత్ర జేబులో ఎంత ఉండాలో, ఏ బండికి ఎక్కాలో చెప్పేవి అవే. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే గోర్డన్ మెకంజీ 1883లో తెచ్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉంది. గుంటూరు వాళ్ళు దాన్ని మన జిల్లాది కాదని పక్కన పెట్టకూడదు. 1859 నుంచి 1904లో విడి జిల్లా అయ్యేదాకా గుంటూరు కృష్ణా జిల్లాలోనే ఉంది, ఆ నలభై అయిదేళ్ళ కాగితాలు వెతకాల్సింది ఆ పేరు కిందే.